వేసిన మచ్చలు, పడిన మచ్చలు



మీ యింటి పెరటిలోనున్న పాత నాగలి మేడిని ఎప్పుడైన శ్రద్ధగా చూచితిరా? చేయి పట్టుచోట అది అరిగి, నూనె పూసినట్లు నున్నగా నుండును. మీ తండ్రి చేయి, అంతకుముందు మీ తాత చేయి అక్కడ పట్టినవి. కాడి మోసిన యెద్దు మెడమీద కాయ కాచియుండును. అమ్మ పప్పు రుబ్బిన రోటిలో గుంట లోతై యుండును. ఈ గుర్తులను ఎవరును కోరి చేయలేదు. పని జరుగగా అవి పడినవి. జరిగిన పనికి అవి సాక్షులు.

అయితే ఎన్నడును పనిచేయని వస్తువునకు, ఒకటి రెండు సాయంకాలములలో, కుంచెతో ఇట్టి గుర్తులను వేయువారు కలరు. అట్లు చేయుట తప్పగునా? లేక అందులో మనము నేర్చుకొనదగినది ఏదైన కలదా? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో ఎదురుకాలేదు. మా సంఘములోని యొక యింటి అరుగుమీద ఎదురైనది.

ఆ యింటి కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. గత క్రిస్‌మస్ సెలవులకు వచ్చినప్పుడు ఒక అట్టపెట్టెలో దూదిలో చుట్టి ఒక చిన్న విమానమును తెచ్చెను. తన చేతులతో చేసినదట. నన్ను చూడగానే అతని తల్లి, “అయ్యగారూ, మీరైనా చెప్పండి. పండుగపూట మనుషుల్ని చంపే యంత్రానికి బొమ్మ చేసి ఇంట్లో పెట్టుకోవచ్చునా?” అని అడిగెను. కుమారుడు నవ్వి, “అయ్యగారూ, ముందు చూడండి, తరువాత తీర్పు చెప్పండి” అనెను. నేను కండ్లద్దములు పెట్టుకొని చూచితిని.

అది స్పిట్‌ఫైర్ అను ఇంగ్లీషు యుద్ధవిమానపు నమూనా. అసలు విమానమును రెజినాల్డ్ మిచెల్ అను ఇంజనీరు రూపొందించెను. అది మొదటిసారి 1936 మార్చి 5న ఎగిరెను. ఒక రెక్క కొననుండి మరియొక రెక్క కొనవరకు దాదాపు 37 అడుగులు. నమూనా దానిలో 72వ వంతు గనుక ఆరంగుళములకు కొంచెము మించును. అసలు విమానములో ఒక అడుగున్న భాగము ఇందులో కందిబద్దంత యుండును.

దానిని చేయు విధమును ఆ యువకుడు ఓపికతో వివరించెను. ప్లాస్టిక్ ముక్కలు ఒక చట్రమునకు అంటుకొనియుండగా పెట్టెలో వచ్చును. వాటిని కోసి, ఉప్పు కాగితముతో అంచులు రుద్దవలెను. అతికించునది మనకు తెలిసిన జిగురువంటిది కాదు. అది ప్లాస్టిక్‌ను కొంచెము కరిగించి రెండు ముక్కలను ఒకటిగా చేయును. అతుకులో సందు మిగిలిన యెడల లప్పము పెట్టి, ఆరిన పిమ్మట మరల రుద్దవలెను. తరువాత అస్తరు పూత. ఆ పైన గాలితో సన్నగా రంగు చిమ్మెడి గొట్టముతో అడుగుభాగమునకు పాలిపోయిన ఆకుపచ్చ, పైభాగమునకు మట్టిరంగును ముదురాకుపచ్చయు వేయుదురు. ఆకాశమునుండి చూచువానికి నేలలో కలిసిపోవుటకే పై రంగులు అట్లు నిర్ణయింపబడెను. మెరుపు వార్నీషు పూసి, నీట నానబెట్టిన పలుచని గుర్తులను జరిపి అంటింతురు. అంతటితో విమానము క్రొత్తదై, కర్మాగారమునుండి వచ్చినట్లుండును.

మనమైతే ఇక చాలుననుకొందుము. కాని అసలు పని అప్పుడే మొదలగునట. క్రొత్తదానిని పాతది చేయవలెను. నల్లని తైలవర్ణమును టర్పెంటైనులో పలుచగా కలిపి రేకుల సందులలోనికి పారించి, పైది తుడిచివేయుదురు. స్పంజి ముక్కను వెండిరంగులో అద్ది, రంగు పెచ్చులూడి లోహము బయటపడినట్లు చుక్కలు పెట్టుదురు. ఇంజను పొగగొట్టముల వెనుక మసిచార వేయుదురు. ఎండకు వెలిసినట్లు అక్కడక్కడ రంగును పలుచబరచి, చివరకు మెరుపులేని వార్నీషుతో అన్నిటిని కప్పుదురు. ఆరంగుళముల ప్లాస్టిక్ అప్పుడు యుద్ధమునుండి తిరిగివచ్చిన దానివలె కనబడును.

తల్లి అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోతిని. అది తేలిక ప్రశ్న కాదు. విమానపు నమూనా ఎల్లప్పుడు ఆటవస్తువుగానే ఉండలేదు. 1942లో అమెరికా నౌకాదళము తన దేశములోని పాఠశాలల బాలబాలికలను ఐదు లక్షల విమాన నమూనాలు చేసియిమ్మని కోరెను. అవియు 72వ వంతు కొలతవే. కొయ్యతో చెక్కి నల్లరంగు పూయవలెను. 35 అడుగుల దూరమున పట్టి చూచిన యెడల అర మైలు దూరమున ఎగురుచున్న అసలు విమానమంత కనబడును. కావలివాడును ఫిరంగివాడును ఆ నల్లని ఆకారములను చూచి, ఇది మనది, ఇది శత్రువుది అని క్షణములో గుర్తుపట్టుట నేర్చుకొనవలెను. పొరబడిన యెడల స్వజనులనే కూల్చుదురు, లేక శత్రువును వదలివేయుదురు. బడిపిల్లలు చెక్కిన బొమ్మమీద మనుష్యుల ప్రాణములు ఆధారపడెను.

ఇది ఎక్కడిదో దూరదేశపు సంగతి అనుకొనకుడి. మన నేలకును ఇందులో పాలున్నది. 1918లో ఇంగ్లండు వాయుసేనలోని 110వ దళమునకు డీహెచ్ 9ఎ అను బాంబు విమానములను హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ బహూకరించెను. ఆయన దానమని ఆ విమానముల మీదనే వ్రాయబడెను. వాటిలో ఒకటి ఆ యేడే జర్మనుల చేజిక్కి, బెర్లినునకును తరువాత పోలండునకును పోయి, 1977లో లండనులోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియమునకు చేరెను. రెండవ ప్రపంచయుద్ధములో 152వ దళము హైదరాబాదు పేరనే పిలువబడెను. దాని చిహ్నములో నిజాము తలపాగా యున్నది. ఆ దళము 1940 జూలై నుండి ఇంగ్లండు దక్షిణతీరమున వార్మ్‌వెల్ నుండి స్పిట్‌ఫైరులతో పోరాడెను. ఆ దానములు వచ్చిన సంపదలో తెలంగాణ రైతు కట్టిన శిస్తును కలిసియున్నది. మా యువకుడు చేసినది ఆ దళపు విమానమే. హైదరాబాదు పేరు చూచియే దానిని ఎన్నుకొంటినని చెప్పెను.

మరియొక ప్రక్కను కూడ చూడుడి. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అను జపాను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసెను. ఆ దినమున రేవులో మూటలు మోయుచున్న కూలి తల యెత్తి చూచినది విమానపు అడుగుభాగమును. నమూనాను మనము బల్లమీద పెట్టి పైనుండి చూతుము. రెక్కల సొగసు, రంగుల పొందిక పైననే యున్నవి. బాంబు క్రింద నిలిచినవానికి ఆ సొగసు కనబడలేదు. కాబట్టి ఇట్టి నమూనాను ఇంటిలో నుంచుకొనువాడు అప్పుడప్పుడు దానిని తల పైకెత్తి పట్టి క్రిందనుండి చూడవలెనని నా మనవి. అట్లు చూచుటకు మనసొప్పనివాడు దానిని ఉంచుకొనకుండుట మేలు. తల్లికి నేను చివరకు చెప్పిన జవాబులో మొదటి సగము ఇదే.

ఇక మచ్చల సంగతి. పడని దెబ్బను పడినట్లు చూపుట అబద్ధ సాక్ష్యము కాదా? నేను ఆ మాటే అడిగితిని. అందుకు యువకుడు రెక్క అంచును చూపించెను. స్పిట్‌ఫైరు రెక్కలలో ఎనిమిది తుపాకులుండును. ఒక్కొక్క దానికి 300 గుండ్లు. ఎడతెగక కాల్చిన యెడల పదునైదు సెకనులలో అన్నియు అయిపోవును. దుమ్మును చలియు తుపాకి గొట్టములోనికి పోకుండ వాటి రంధ్రములపై ఎఱ్ఱని గుడ్డముక్కలను అంటించెడివారు. తుపాకి కాల్చినప్పుడు గుడ్డ చినిగి, రెక్క అడుగున నల్లని మసిచార పడును. ఎఱ్ఱగుడ్డ చెక్కుచెదరని యెడల ఆ విమానము ఆ దినమున ఎవరిని కాల్చలేదని అర్థము.

“అయ్యగారూ, గుడ్డముక్కలు చక్కగా అంటించి, వెనక మసిచార కూడా వేసేవాళ్ళున్నారు. చూడ్డానికి బాగుంటుంది గాని అది అబద్ధం. మసి వేస్తే గుడ్డ చినగాలి. గుడ్డ చినిగితే ఎవరిమీదో కాల్చారన్న మాట. అది తెలిసే వెయ్యాలి” అనెను.

ఆ మాట నన్ను ఆలోచింపజేసెను. మంచి నమూనా చేయువాడు ప్రతి మచ్చకును కారణమడుగును. పాత ఫొటోలను ముందు పెట్టుకొని చూచును. సముద్రతీరమున నెలల తరబడి ఎండలో నిలిచిన విమానము వెలియును. వచ్చిన కొలది దినములకే కూలినది వెలియదు. 1940 వేసవిలో ఎన్నో విమానములు రంగు వెలియునంతకాలము బ్రదుకలేదు. వాటిని మిక్కిలి పాతవిగా చూపువాడు, వాటికి లేని ఆయుష్షును ఇచ్చుచున్నాడు.

ఎడమ రెక్క మొదట్లో రంగు బాగుగా అరిగిన చోటొకటి యుండెను. “ఇది గుండు తగిలిన దెబ్బయా?” అని అడిగితిని. కాదట. పైలటు ఎక్కునది ఆ ప్రక్కనుండియే. అతడొక్కడే కాదు. అతనిని పట్టీలతో బిగించువాడు, అద్దము తుడుచువాడు, ఇంజను చూచువాడు దినమునకు పలుమారులు అక్కడ కాలుపెట్టెదరు. గుండ్లు నింపువారు రెక్క క్రింద వెల్లకిల పడుకొని పనిచేసెదరు. పైలటుల పేర్లు పుస్తకములకెక్కినవి. నేలమీద పనిచేసినవారిలో చాలమందికి మిగిలిన గుర్తు ఆ అరుగుదలయే. దానిని శ్రద్ధతో చిత్రించువాడు పేరులేని పనివారిని తలచుకొనుచున్నాడు. మేడిమీది నునుపు మీ తాతను తలపించినట్లే గదా!

కాబట్టి మచ్చ వేయుట తప్పు కాదని నాకు తోచినది. కారణము తెలిసి, కొలత మీరక వేసిన మచ్చ నిజమైన సాక్ష్యము కాగలదు. అందముకొరకు ఇష్టమువచ్చినట్లు వేసినది అబద్ధ సాక్ష్యమే. ఈ రెండవ తప్పు బొమ్మలు చేయువారిలోనే యున్నదని మనము అనుకొనరాదు. పడని కష్టమును పడినట్లు చెప్పుకొనువారు, మోయని భారమునకు నడుము పట్టుకొనువారు సభలలోను సంఘములలోను లేరా? ఉపవాసము చేసినట్లు ముఖము వాడ్చుకొనుటకు కుంచె అక్కరలేదు.

ఇంతవరకు చెప్పి లేవవలసినది. కాని నా చేతిలోనున్న ఆ చిన్న విమానములో ఒక సంగతి కొరవడినట్లు నాకు తోచెను. గాజుకప్పు క్రింద కుర్చీ యున్నది, మనుష్యుడు లేడు. అసలు స్పిట్‌ఫైరులో పైలటుకు ముందు, ఇంజనుకు వెనుక, పెట్రోలు తొట్లుండెను. వాటికి గుండు తగిలి మంట లేచిన యెడల అది అతని చేతులమీదికిని ముఖముమీదికిని వచ్చెను. బయటపడినవారిలో అనేకులు యౌవనస్థులు. కనురెప్పలు, ముక్కు, వ్రేళ్ళు కాలిపోయి బ్రదికిరి.

వారిలో పలువురిని ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అను చిన్న పట్టణపు ఆసుపత్రికి తెచ్చిరి. న్యూజీలండు దేశములో పుట్టిన ఆర్చిబాల్డ్ మెకిండో అను శస్త్రవైద్యుడు వారి శరీరములోని వేరొక చోటి చర్మమును తెచ్చి ముఖములను మరల కట్టెను. ఒక్కొక్కనికి ఎన్నో శస్త్రచికిత్సలు, కొందరికి సంవత్సరముల తరబడి. సముద్రములో పడినవారి కాలిన గాయములు మేలుగా నుండుట చూచి, ఆయన ఉప్పునీటి స్నానములను వాడెను. 1941లో ఆ రోగులు తమలో తామొక సంఘము పెట్టుకొని, ప్రయోగములకు వాడెడి చిన్న జంతువు పేర దానికి గినీ పిగ్ క్లబ్ అని నవ్వుచు పేరు పెట్టిరి. యుద్ధము ముగియునప్పటికి సభ్యులు 649 మంది. సొమ్ముతో పారిపోలేడని కాళ్ళు కాలినవానిని కోశాధికారిగాను, పొడవైన నివేదికలు వ్రాయలేడని వ్రేళ్ళు కాలినవానిని కార్యదర్శిగాను ఎన్నుకొనిరట!

అయితే మెకిండోకు ఒక సంగతి తెలిసెను. చర్మమును కట్టుట తన చేతిలో నున్నది. ఆ ముఖముతో వీధిలో నడచుట మాత్రము వీధివారి చేతిలో నున్నది. అందుచేత ఆయన పట్టణస్థులను వేడుకొనెను. ఈ యౌవనస్థులను మీ యిండ్లకు పిలువుడి, తేరిపార చూడకుడి, ముఖము త్రిప్పుకొనకుడి, మీవంటి మనుష్యులుగా మాటలాడుడి అని కోరెను. ఆ ఊరివారు అట్లే చేసిరి. భోజనమునకు పిలిచిరి, వీధిలో పలుకరించిరి. తేరిపార చూడని ఊరని దానికి పేరు వచ్చెను. 2014లో అక్కడ మెకిండో విగ్రహమును నిలిపిరి. కాలిన చేతులతో కూర్చున్న యొక వైమానికుని భుజములపై ఆయన చేతులు వేసి నిలుచున్నట్లు దానిని చేసిరి. దానిని చేసిన శిల్పి మార్టిన్ జెన్నింగ్స్ తండ్రికి కూడ మెకిండోయే వైద్యము చేసెను.

నేను ఈ సంగతులు చెప్పుచుండగా ఆ యింటి లోపలి గుమ్మమునొద్ద ఒకరు నిలిచి వినుచుండిరి. ఆమె ఆ యువకుని పెద్దమ్మ. చాల సంవత్సరముల క్రిందట కిరోసిన్ పొయ్యి పేలి ఆమె ముఖము ఒక ప్రక్క కాలిపోయినది. అప్పటినుండి చీరకొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొని, ఆరాధనలో చివరి వరుసలో గోడప్రక్కన కూర్చుండును. యువకుడు ఆమెను చూచి, తన చేతిలోని విమానమును చూచి, మాటలేక యుండెను. నేనును మాటలేక యుంటిని. ఏలయనగా నాకొక సంగతి జ్ఞాపకము వచ్చినది.

చదువరులారా, నేను ఆ సంఘములో పదునాలుగు సంవత్సరములుగా పనిచేయుచున్నాను. ప్రభువు బల్లయొద్ద ఆమెకు రొట్టె ఇచ్చునప్పుడెల్ల ఆమె చేతులను చూచితిని. ముఖమును చూడలేదు. ఆమె నొచ్చుకొనుననియే నేను చూడలేదని నాకు నేనే చెప్పుకొంటిని. అది మర్యాద అనుకొంటిని. నిజము చెప్పవలెనన్న, ఆ చూపు నాకే కష్టముగా నుండెను. కొంగు అడ్డముపెట్టుట ఆమెకు నేర్పినవారిలో నేనును ఒకడను.

వెండిరంగు అద్ది, స్పంజితో చుక్కలు పెట్టి, యంత్రమునకు లేని గాయమును ఇచ్చుటకు మనుష్యులు గంటలు వెచ్చింతురు. దానిని భూతద్దముతో చూచి మెచ్చుకొందురు. మనుష్యుని ముఖముమీద నిజముగా పడిన గాయమును మాత్రము అర నిమిషము చూడలేరు. లోహమునకు పడిన మచ్చ మనలను ఏమియు అడుగదు. మనుష్యునికి పడిన మచ్చ మాత్రము మన చూపును అడుగును, మాటను అడుగును, మన బల్లయొద్ద చోటును అడుగును. అందుచేతనే మొదటిదానిని ప్రేమించుట సులభము.

తల్లికి నేను చెప్పిన జవాబులో రెండవ సగము ఇది. “అమ్మా, బొమ్మ ఇంట్లో ఉండనివ్వండి. కాని మచ్చలను అంత ఓర్పుతో చూచే ఈ కన్ను బొమ్మదగ్గరే ఆగిపోతే, అప్పుడది పాపము.” నమూనా చేయువాడు ప్రతి మచ్చను, “ఇది ఎట్లు పడెను?” అని అడుగును గదా. ఆ ప్రశ్ననే మన ఊరిలో అడుగవలెను. కుష్ఠు వ్యాధి నయమైనను వ్రేళ్ళు తిరిగిరానివానిని, పత్తి యంత్రములో చేయి పోయినవానిని, కాలిన ముఖముగల స్త్రీని వేడుకకొరకు అడుగరాదు. ప్రక్కన కూర్చుండి, జవాబు వచ్చువరకు వేచియుండు ఓర్పుతో అడుగవలెను. వారు చెప్పనిచ్ఛయించిన యెడల వినవలెను. చెప్పకుండిన యెడల ఇతర సంగతులు మాటలాడవలెను. అరిగిన మేడిని చూచి తాతను తలచుకొను మనకు ఇది రాని విద్య కాదు.

తరువాతి ఆదివారము సంస్కార దినము. చివరి వరుసవారు ముందుకు వచ్చిరి. ఆమె చేతులు చాచెను. నేను తలయెత్తి ఆమె ముఖమును చూచితిని. ఎడమ కన్ను రెప్ప సగమే మూతపడును. ఆ సంగతి నాకు ఆ దినమువరకు తెలియదు. ఆమెయు నన్ను చూచెను. ఏమనుకొనునో అని భయపడితిని.

ఆరాధన ముగిసిన పిమ్మట ఆమె వాకిటియొద్ద ఆగి, కొంగు సర్దుకొనకయే, “అయ్యగారూ, మీ మోకాలి నొప్పి తగ్గిందా? మూడు నెలలనుంచి కుంటుతున్నారు” అని అడిగెను.

గోడప్రక్కన కూర్చుండి ఆమె ఇన్నాళ్ళు నన్ను చూచుచునేయున్నది.